మందుకు లొంగని జీవులు ఎక్కడ తయారవుతాయి?



కోళ్ల షెడ్లు, పాడి కొట్టాలు, రొయ్యల చెరువులు నడిపేవాళ్లు ఈ ప్రసంగం వింటుంటారు. వాళ్లు పెంచినది కొనుక్కుని తినేవాళ్లూ వింటుంటారు. ఇవాళ్టి విషయం ఇద్దరికీ సంబంధించింది. మనకూ మన పశువులకూ హాని చేసే బ్యాక్టీరియా, ముఖ్యంగా మందుకు లొంగని బ్యాక్టీరియా, షెడ్డులో, కొట్టంలో, చెరువులో ఎలా తయారవుతుంది? అక్కడి నుంచి ఊళ్లోకి ఎలా వస్తుంది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోగం ఎక్కడినుంచో వచ్చి మన షెడ్డులో పడిందని అనుకోవడం మనకు అలవాటు. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలాసార్లు ఆ జీవి అప్పటికే అక్కడ ఉంటుంది, ఎవరి జోలికీ పోకుండా ఉంటుంది. దాన్ని ప్రమాదకరంగా మార్చేది మనం కల్పించిన పరిస్థితులు. కిక్కిరిసిన మంద, పోగుపడిన పెంట, వారాల తరబడి కొద్దికొద్దిగా వేసే మందు. ఈ పరిస్థితులను మార్చడం కూడా మన చేతిలోనే ఉంది. మార్చిన దేశాల్లో ఏం జరిగిందో కూడా ఈ ప్రసంగంలో చెబుతాను.

1970ల మధ్యలో అమెరికాలోని బోస్టన్ నగరానికి దగ్గర్లో, ఒక రైతు కుటుంబం ఇంటి దగ్గరే ఒక ప్రయోగం జరిగింది. చేసింది టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టువర్ట్ లెవీ అనే వైద్యుడు. సుమారు 300 కోడిపిల్లలను తెచ్చి రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు దాణా పెట్టారు. రెండో గుంపుకు అదే దాణాలో కొద్దిగా ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపి పెట్టారు. ఆ పిల్లలకు ఏ జబ్బూ లేదు. త్వరగా బరువెక్కాలని ఆ రోజుల్లో దాణాలో మందు కలపడం మామూలు, అదే ఇక్కడా చేశారు. ఒకటి రెండు రోజుల్లోనే మందు తిన్న కోళ్ల రెట్టలో టెట్రాసైక్లిన్‌కు లొంగని ఈ.కోలి బ్యాక్టీరియా పెరిగిపోయింది. అంత త్వరగా వస్తుందని ఊహించినవాళ్లు తక్కువ.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. కొన్ని వారాలు గడిచేసరికి ఆ కోళ్లలోని బ్యాక్టీరియా, వాటికి ఎన్నడూ పెట్టని వేరే మందులకు కూడా లొంగడం మానేసింది. ఇక ఆ ఇంటి మనుషుల సంగతి. వాళ్లు ఆ మందు మింగలేదు. కోళ్లకు మేత వేశారు, షెడ్డు ఊడ్చారు, అంతే. అయిదారు నెలలకు వాళ్ల మల నమూనాలు పరీక్షిస్తే దాదాపు మూడోవంతు నమూనాల్లో మందుకు లొంగని బ్యాక్టీరియాదే పైచేయి. చుట్టుపక్కల ఇళ్లవాళ్ల నమూనాల్లో అలాంటివి వందకు ఏడు కూడా లేవు. 1976లో ఈ ఫలితాలు ప్రచురించారు. ఆ పత్రంలోనే ఇంకో మాట ఉంది. మందు కలిపిన దాణా ఆపేసిన ఆరు నెలలకు, పరీక్షించిన పదిమందిలో ఎనిమిదిమందిలో ఆ బ్యాక్టీరియా జాడ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

ఇదంతా ఎలా జరుగుతుందో కాస్త నిదానంగా చూద్దాం. అనుకూలమైన చోట ఈ.కోలి 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఆ లెక్కన ఒక్క కణం 7 గంటల్లో 20 లక్షలు దాటుతుంది. కోడి పేగు చివరి భాగంలోంచి ఒక గ్రాము తీసి చూస్తే అందులోని బ్యాక్టీరియా లెక్క వేల కోట్లలో ఉంటుంది. ఇన్నిసార్లు జన్యువులు నకలు అవుతున్నప్పుడు అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి. చాలా తప్పుల వల్ల ఆ కణానికే చేటు. ఎక్కడో ఒక తప్పు మాత్రం మందు లోపలికి రాకుండా అడ్డుకునేలాగో, వచ్చిన మందును బయటికి తోసేసేలాగో కణాన్ని మారుస్తుంది. మందు లేని చోట ఆ మార్పు వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. పైగా తోటి కణాల కంటే కొంచెం వెనకబడుతుంది కూడా. మందు ఉన్న చోట మాత్రం మిగతావి చస్తాయి, లేదా ఎదుగూబొదుగూ లేకుండా ఉండిపోతాయి. అప్పుడు చోటూ తిండీ అంతా దానిదే.

అందుకే తక్కువ మోతాదు ఎక్కువ కీడు చేస్తుంది. చంపడానికి చాలనంత మందు, ఆరోగ్యంగా ఉన్న వేల కోళ్లకు, వారాల తరబడి వేయడం అంటే మందుకు లొంగని రకాన్ని ఏరి ఏరి పెంచడమే. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు చేసిన ప్రసంగంలోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు. చాలీచాలని మోతాదుకు అలవాటుపడితే సూక్ష్మజీవులు లొంగకుండా పోతాయని అన్నారు. అప్పటికి మందు ఇంకా పసిది.

మన షెడ్లలో మోతాదు ఎలా తప్పుతుందో చూడండి. మందును నీళ్ల ట్యాంకులో కలుపుతాం. జబ్బుపడిన కోడి నీళ్లు తక్కువ తాగుతుంది, దానికి చాలినంత మందు అందదు. ఆరోగ్యంగా ఉన్న కోడి గటగటా తాగుతుంది, అవసరం లేని మందు దానికి ఎక్కువగా అందుతుంది. పైప్‌లైన్ లోపల పాకుడు పట్టి ఉంటే ఆ పాకుట్లో మందు కొద్దికొద్దిగా నిలుస్తుంది, బ్యాక్టీరియా కూడా అక్కడే నిలుస్తుంది. మందు ఆపేశామని మనం అనుకున్నాక కూడా అక్కడ ఏరివేత సాగుతూనే ఉంటుంది.

జన్యువులో తప్పు దొర్లడం ఒక దారి. ఇంకో దారి ఇంతకంటే వేగమైంది. 1950ల్లో జపాన్‌లో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా బ్యాక్టీరియా ఒకేసారి మూడు నాలుగు మందులకు లొంగకుండా పోయింది. వరసగా అన్ని తప్పులు ఒకే కణంలో దొర్లడం కష్టం. అక్కడి శాస్త్రవేత్తలు వెతికితే తేలింది ఏమిటంటే, బ్యాక్టీరియా కణంలో ప్రధాన జన్యుపదార్థం కాక విడిగా చిన్న చుట్టలు కూడా ఉంటాయి. వాటినే ప్లాస్మిడ్లు అంటారు. మందును ఎదుర్కొనే జన్యువులు ఆ చుట్టలమీద వరసగా పేర్చి ఉన్నాయి. ఒక రైతు తనకు మంచి వంగడం దొరికితే పక్క రైతుకు దోసెడు గింజలు ఇచ్చినట్టు, ఒక బ్యాక్టీరియా పక్కనున్న దానికి ఆ చుట్టకు నకలు తీసి ఇస్తుంది. అది తన జాతి కాకపోయినా ఇస్తుంది. కోడి పేగులో ఎవరికీ హాని చేయని ఈ.కోలి నుంచి, మనిషిని ఆసుపత్రిపాలు చేసే సాల్మొనెల్లాకు ఆ చుట్ట చేరగలదు. లెవీ గారి కోళ్లు తినని మందులకు కూడా వాటి బ్యాక్టీరియా ఎందుకు లొంగలేదో ఇప్పుడు అర్థమవుతుంది. ఒకే చుట్టమీద నాలుగు జన్యువులుంటే, ఒక మందు వాడి ఏరివేస్తే నాలుగూ కలిసే వస్తాయి.

ఇంతకీ కోళ్ల దాణాలో యాంటీబయాటిక్ వేయాలన్న ఆలోచన ఎక్కడ పుట్టింది? ఆ కథ మొదట్లో మన తెలుగువారి పేరు ఒకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఆయన అజమాయిషీలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ రాబట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది, 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ డిసెంబరులో అదే కంపెనీలో పనిచేసే థామస్ జూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ బి12 విటమిన్ కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ తీశాక మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. పిల్లలు అనుకున్నదానికన్నా ఎక్కువ బరువెక్కాయి. 1950లో ఆ ఫలితం ప్రకటించారు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే మందు దాణాలో భాగమైపోయింది. సుబ్బారావు గారు నడిపించింది ప్రాణాలు నిలబెట్టే పని. దాణాలో మందు వాడకం మొదలయ్యేనాటికే ఆయన లేరు. ఆయన పుట్టిన భీమవరం చుట్టూ ఇవాళ కనుచూపుమేర చేపల, రొయ్యల చెరువులు ఉన్నాయి కాబట్టే ఈ సంగతి ఇంత వివరంగా చెప్పాను. ఆయన పేరు చెప్పుకునే ఊరికి ఈ మందుల విలువ కాపాడవలసిన బాధ్యత మరికొంత ఎక్కువ అని నాకు అనిపిస్తుంది.

తయారైన జీవి ఎలా పాకుతుంది? 1960ల్లో ఇంగ్లండులో జరిగింది ఒకటి మన పశువుల సంతలకు బాగా వర్తిస్తుంది. పుట్టి కొద్దిరోజులే అయిన దూడలను ఎన్నో కొట్టాల నుంచి కొని, దళారులు ఒకచోట చేర్చి, లారీల్లో దూరదూరాలకు పంపేవారు. తల్లి పాలు సరిగా తాగకముందే విడదీసిన దూడలు, ప్రయాణ బడలిక, ఒకదాని పేడలో ఒకటి పడుకోవడం. వాటిలో సాల్మొనెల్లా చెలరేగింది. చావులు ఆపడానికి ఒక మందు తర్వాత ఇంకొకటి వేశారు. ఆ బ్యాక్టీరియా ఒక్కొక్క మందుకూ లొంగడం మానేస్తూ పోయింది. దూడలు కొన్న ప్రతి కొట్టానికీ అది చేరింది, అక్కడి నుంచి మనుషులకూ సోకింది. ఇ.ఎస్. ఆండర్సన్ అనే శాస్త్రవేత్త ఆ దారిని వెనక్కి పట్టుకుని వెళితే అది ఒక దూడల వ్యాపారం దగ్గర తేలింది. అదీ ఒక కారణమై అక్కడి ప్రభుత్వం స్వాన్ కమిటీ వేసింది. మనుషులకు వాడే మందులను పశువులు బరువెక్కడానికి వాడకూడదని ఆ కమిటీ 1969లో చెప్పింది.

ఈ కథలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఒకటుంది. అందులో ఎవరూ చెడు చేయాలని చేయలేదు. దూడ చచ్చిపోతుంటే మందు వేయకుండా ఎవరు ఊరుకుంటారు? కానీ ఆ దూడలను అలా కలపకపోతే, తల్లి దగ్గర నాలుగు రోజులు ముర్రుపాలు తాగనిచ్చి ఉంటే, అంత మందు అవసరమయ్యేదే కాదు.

మన దగ్గర దారులు మీకు తెలిసినవే. బ్రాయిలర్ షెడ్డులో కోడికి చదరపు అడుగు చోటు, ఆరు వారాల బ్యాచ్. కింద పరిచిన వరి ఊకలో ఆరు వారాల రెట్ట కలిసిపోతుంది. బ్యాచ్ ఎత్తాక ఆ ఊక ట్రాక్టరెక్కి కూరగాయల పొలానికో చేపల చెరువుకో వెళుతుంది. కోడి తిన్న మందులో చాలా భాగం రెట్టలోనే బయటికి వస్తుంది. అంటే ఆ ఎరువులో బ్యాక్టీరియా ఉంది, మందు కూడా ఉంది. నేరుగా చెరువులో పోస్తే అక్కడ నీళ్లలో మళ్లీ ఏరివేత మొదలవుతుంది. పచ్చిగా కొత్తిమీర మడిలోనో పాలకూర మడిలోనో చల్లితే వండకుండా తినే ఆకుకు అంటుకుంటుంది. ఈగలు, ఎలుకలు, గుడ్ల ట్రేలు, ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు తిరిగే లారీ చక్రాలు, కూలీల చెప్పులు, ఇవన్నీ మోస్తూనే ఉంటాయి. ఊకను కుప్ప వేసి, తడి సరిచూసి, కప్పి ఉంచితే లోపల వేడెక్కి 55, 60 డిగ్రీలకు చేరుతుంది. కుప్పను తిరగేస్తూ కొన్ని వారాలు అలా మాగనిస్తే రోగకారక బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం నశిస్తుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు, కాస్త చోటూ ఓపికా ఉంటే చాలు.

ఇక్కడ కోలిస్టిన్ అనే మందు గురించి చెప్పాలి. ఇది 1949 ప్రాంతంలో జపాన్‌లో వెలుగులోకి వచ్చిన పాత మందు. మూత్రపిండాలకు హాని చేస్తుందని మనుషులకు వాడకం దాదాపు మానేశారు. పశువులకు మాత్రం చవకగా దొరికేది కాబట్టి పందుల దాణాలో, కోళ్ల దాణాలో టన్నుల కొద్దీ పోశారు. ఈలోగా ఆసుపత్రుల్లో మిగతా మందులన్నీ పని చేయని ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. వైద్యులు వెనక్కి తిరిగి చూస్తే మిగిలింది ఈ కోలిస్టినే. ఐసీయూలో చివరి ఆశగా దీన్ని ఎక్కించడం మొదలుపెట్టారు. అంటే ఐసీయూలో ఆఖరి మందు, కోళ్ల షెడ్డులో మామూలు మందు ఒకటే అయ్యాయి.

2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ఒక వార్త చెప్పారు. షాంఘైలోని ఒక పందుల ఫారంలో దొరికిన ఈ.కోలిలో కోలిస్టిన్‌కు లొంగని జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంది. దానికి ఎంసీఆర్-1 అని పేరు పెట్టారు. అంతకుముందు కోలిస్టిన్‌కు లొంగకపోవడం ఒక్కో కణంలో దొర్లిన తప్పు వల్ల వచ్చేదని, అది జాతి దాటదని ధీమాగా ఉండేవారు. ఆ ధీమా పోయింది. వాళ్లు పరీక్షించిన 804 పందుల్లో 166 పందుల ఈ.కోలిలో ఆ జన్యువు ఉంది. మాంసం నమూనాల్లో వందకు 15లో ఉంది. ఆసుపత్రి రోగుల నమూనాల్లో వందకు ఒకటి దగ్గర ఉంది. ఈ అంకెలు వరసగా చూస్తే దారి ఎటు నుంచి ఎటో కనిపిస్తుంది. ఆ వార్త వచ్చాక ఇతర దేశాల వాళ్లు తమ దగ్గర దాచిన పాత నమూనాలు తీసి చూసుకుంటే, ఖండాలు దాటి అదే జన్యువు కనిపించింది.

మన దేశంలో ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు, ఆక్వా సాగుకు, దాణాకు కోలిస్టిన్ తయారీ, అమ్మకం, పంపిణీలను కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019 జులైలో నిషేధించింది. మంచి నిర్ణయం. అయితే కోలిస్టిన్ స్థానంలో ఇంకో మందు డబ్బా వచ్చి కూర్చుంటే లాభం లేదు. దాణా బస్తా కొనేటప్పుడు, 'గ్రోత్' కోసమని ప్యాకెట్ ఎవరైనా చేతిలో పెట్టినప్పుడు, అందులో ఏ మందు ఉందో రైతు అడగాలి. ఇంటిగ్రేషన్ కంపెనీకి కోళ్లు పెంచి ఇచ్చే రైతుకు దాణాలో ఏముందో చాలాసార్లు తెలియదు, అడిగితే చెప్పేవాళ్లూ ఉండరు. అందుకే ఈ బాధ్యత అంతా రైతు నెత్తిన పెట్టడం అన్యాయం అంటాను. మందుల షాపు ఊళ్లోనే ఉంది, పశువైద్యుడు మండల కేంద్రంలో ఉన్నాడు. అర్ధరాత్రి కోళ్లు కునుకు పడుతుంటే రైతు ఎవరి తలుపు కొడతాడు?

ఇక చెరువుల దగ్గరికి వద్దాం. యాంటీబయాటిక్ పాత్ర లేకుండా కూడా మామూలు జీవి హంతకిగా ఎలా మారుతుందో రొయ్య చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పదు. 2009 ప్రాంతంలో చైనాలో మొదలై, వియత్నాం, మలేసియా దాటి 2012కు థాయ్‌లాండ్‌లో, 2013కు మెక్సికోలో ఒక కొత్త తెగులు చెరువులను ఊడ్చేసింది. సీడ్ వేసిన నెల తిరగకముందే రొయ్య పిల్లలు చచ్చిపోయేవి. కోసి చూస్తే కాలేయం లాంటి అవయవం పాలిపోయి, ముడుచుకుపోయి ఉండేది. వైరస్ అనుకున్నారు, విషమేమో అనుకున్నారు. 2013లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం అసలు దోషిని పట్టుకుంది. అది విబ్రియో పారాహీమోలిటికస్, సముద్రతీరపు నీళ్లలో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియానే. కొత్తగా వచ్చిందల్లా దాని చేతికి దొరికిన ఒక ప్లాస్మిడ్. దాని మీద రెండు విషాల జన్యువులు ఉన్నాయి. పురుగులను చంపే ఒక బ్యాక్టీరియా విషాలకు అవి దగ్గరి చుట్టాలు. ఆ చుట్ట ఉన్న విబ్రియో రొయ్యను చంపుతుంది, లేని విబ్రియో చంపదు. తర్వాత విబ్రియోలోని ఇతర జాతుల్లో కూడా అదే చుట్ట కనిపించింది.

మరి అది చెరువులో ఎందుకు అంతగా చెలరేగింది? ఇక్కడ కొందరు శాస్త్రవేత్తలు చెప్పిన మాట నాకు చాలా నచ్చింది. సీడ్ వేయకముందు చెరువును క్లోరిన్‌తో పూర్తిగా కడిగేస్తారు. రోగకారకాలు చస్తాయి, వాటితోపాటు మెల్లగా పెరిగే మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది. ఆ ఖాళీ చెరువులో మేత పడటం మొదలవగానే, ఆ పోషకాలను అందుకుని అందరికన్నా ముందు పెరిగేది విబ్రియో. మేత ఎక్కువైతే, మిగిలిన మేతా మలమూ అడుగున నల్ల బురదగా పేరుకుంటే, దానికి ఇంకా అనుకూలం. ఖాళీ చేసిన చోటును ముందుగా ఎవరు నింపుతారన్నదే అసలు ప్రశ్న. అందుకే నీళ్లకు రంగు వచ్చి, లోపలి జీవరాశి నిలదొక్కుకున్నాకే సీడ్ వేయమని, చెక్ ట్రే చూసి మేత కొలవమని, అడుగు బురద ఎప్పటికప్పుడు తీయమని చెబుతారు. మన దగ్గర 2009లో వెనామీ రకం రొయ్య వచ్చాక ఎకరానికి వేసే సీడ్ పెరిగింది. సాంద్రత పెరిగేకొద్దీ ఈ జాగ్రత్తల అవసరమూ పెరిగింది.

రొయ్యకు ఒక లోటు ఉంది. ఒకసారి వచ్చిన రోగాన్ని కోడిలాగా, చేపలాగా గుర్తుపెట్టుకునే రక్షణ దాని ఒంట్లో లేదు. అందుకే దానికి టీకా వేసి లాభం లేదు. చేపల సంగతి వేరు. నార్వేలో సాల్మన్ చేపల సాగుకు 1987లో ఏడాదికి సుమారు 50 టన్నుల యాంటీబయాటిక్ వాడేవారు. చేపలకు టీకాలు వేయడం, ఒక ఫారానికీ ఇంకో ఫారానికీ దూరం పెట్టడం, పట్టుబడి అయ్యాక కొంతకాలం ఖాళీగా ఉంచడం మొదలుపెట్టారు. పదేళ్లు తిరిగేసరికి వాడకం టన్నుకు దగ్గరగా పడిపోయింది. ఆ పదేళ్లలో సాల్మన్ దిగుబడి మాత్రం అనేక రెట్లు పెరిగింది. మందు మానేస్తే పంట పోతుందని భయపడేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు.

రొయ్యల చెరువులో మందు వేస్తే ఇంకో చిక్కు. మేతకు పట్టించిన మందులో కొంత నీళ్లలో కరిగిపోతుంది, కొంత బురదలో చేరుతుంది. ఆ నీరు మురుగు కాలువలోకి వదులుతాం. కింద ఉన్న రైతు అదే కాలువలో ఇంజను పెట్టి నీళ్లు తోడుకుంటాడు. పైవాడి చెరువులో తయారైన జీవి కిందివాడి చెరువుకు నడవనక్కరలేదు, నీళ్లే మోసుకొస్తాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి 20 రకాల మందులను రొయ్యల సాగులో వాడకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ జాబితా పెట్టింది. వాటి అవశేషాలు దొరికినందువల్లే 2016లో ఐరోపా దేశాలు మన రొయ్యల సరుకులో పరీక్షించే వాటా వందకు 10 నుంచి 50కి పెంచాయి. కంటైనర్ వెనక్కి వస్తే నష్టమని అందరికీ తెలుసు. కంటైనర్ ఎక్కని మందు, మన కాలువలోనే మిగిలిపోయిన మందు, దాని సంగతి ఎవరూ లెక్క కట్టరు.

మందు కాలువలోకి చేరడానికి సాగు ఒక్కటే దారి కాదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిం లార్సన్ బృందం హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో, ఎన్నో మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలే చోట నీళ్లు పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ నీళ్లు చేరే వాగులు పొలాల మధ్యగా పోయి మంజీరలో కలుస్తాయి. అప్పట్లో అక్కడి రైతు తన గేదెకు ఏ మందూ వేయకపోయినా, ఆ గేదె తాగే నీళ్లలో ఆ మందు ఉండేది. ఇలాంటి చోట రైతుకు ఎన్ని నీతులు చెప్పినా ప్రయోజనం లేదు, పైప్ దగ్గరే ఆపాలి.

బ్యాక్టీరియా మందుకు లొంగకపోవడాన్ని వెనక్కి మళ్లించవచ్చా? లెవీ గారి ప్రయోగంలో ఆరు నెలల తర్వాత ఏమైందో గుర్తుంది కదా. డెన్మార్క్‌లో అదే దేశమంతటా చూశారు. అక్కడ దాణాలో అవోపార్సిన్ వాడేవారు. మనుషులకు వాడే వాంకోమైసిన్‌కు అది చుట్టం. 1995లో ఆపేశారు. ఆనాడు బ్రాయిలర్ కోళ్ల ఎంటరోకాకస్ బ్యాక్టీరియా నమూనాల్లో దాదాపు నాలుగింట మూడొంతులు వాంకోమైసిన్‌కు లొంగనివే. 2000 నాటికి అది వందకు ఆరు దగ్గరికి దిగింది. చైనా 2017లో దాణాలో కోలిస్టిన్ ఆపింది. 2016లో ఆరోగ్యవంతులైన మనుషుల్లో వందకు 14 మంది ఆ ఎంసీఆర్-1 జన్యువున్న బ్యాక్టీరియా మోస్తుంటే, 2019కి అది 6 దగ్గరికి తగ్గింది. కోళ్లలో, పందుల్లో తగ్గుదల ఇంకా ఎక్కువ.

డెన్మార్క్ పందుల దగ్గర మాత్రం ఒక పాఠం ఉంది. కోళ్లలో తగ్గినా పందుల్లో వెంటనే తగ్గలేదు. కారణం వెతికితే, పందులకు టైలోసిన్ అనే ఇంకో మందు వేస్తూనే ఉన్నారు. టైలోసిన్‌ను ఎదుర్కొనే జన్యువూ, వాంకోమైసిన్‌ను ఎదుర్కొనే జన్యువూ ఒకే చుట్టమీద ఉన్నాయి. టైలోసిన్ కూడా ఆపాక పందుల్లోనూ తగ్గడం మొదలైంది. ఒక మందు ఆపి ఇంకొకటి పట్టుకోవడం వల్ల ఎందుకు ఫలితం ఉండదో ఇంతకంటే తేటగా చెప్పలేను.

ఇక మన ఇంటి దగ్గర. ఆవుకో గేదెకో పొదుగువాపు వచ్చి మందు ఎక్కిస్తే, ఆ పాలు పాలకేంద్రంలో పోయకూడదని రైతులు చాలామందికి తెలుసు. కానీ పారబోయడానికి మనసొప్పక దూడకు పట్టిస్తారు. ఆ దూడ పేగులో రోజూ కొద్దికొద్దిగా మందు, సరిగ్గా లెవీ గారి కోళ్లకు పెట్టినట్టే. దయచేసి అలా చేయకండి. కోళ్లకు రానిఖెత్, గంబోరా టీకాలు వేళకు వేయించండి. అవి వైరస్ జబ్బులే అయినా, ఆ జబ్బుతో నీరసించిన కోడికే ఈ.కోలి అంటుకుంటుంది, అప్పుడే మందు డబ్బా తెరుస్తాం.

మందు వేయక తప్పని రోజు వస్తే, ఏ మందు పని చేస్తుందో తెలుసుకుని వేయండి. జబ్బుపడిన పశువు నుంచి తీసిన నమూనాలో బ్యాక్టీరియాను పెంచి, దాని మీద రకరకాల మందులు పరీక్షించి చూసే పద్ధతి ఉంది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల వాళ్లనూ, మీ జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాల వాళ్లనూ దీని గురించి అడగండి. నమూనా మాత్రం మందు వేయకముందే తీయాలి, మందు వేశాక తీస్తే బ్యాక్టీరియా సరిగా పెరగక ఫలితం తప్పుతుంది. పాలైతే పొదుగు కడిగి, తుడిచి, మొదటి రెండు మూడు ధారలు వదిలేసి శుభ్రమైన సీసాలో పట్టి, ఐసు మీద పెట్టి అదే రోజు చేర్చండి. కోడైతే అప్పుడే చచ్చినదాన్ని, ఇంకా చావని జబ్బుకోడిని కలిపి తీసుకెళ్లండి. ఇంతకుముందు ఏ మందు, ఎన్ని రోజులు వేశారో కాగితం మీద రాసి ఇవ్వండి.